దయచేసి మీ ఫోన్లు ఆపకండి

నాటకం మొదలయ్యే ముందు "మీ సెల్‌ఫోన్లు ఆపేయండి" అని మైకులో బతిమాలే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కళాద్రోహులు! హాల్లో మోగే ఫోన్ నాటకానికి వరమని నేను ఏ వేదిక మీదైనా ఘంటాపథంగా చెబుతాను.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకేముందంటారా? మా ఆవిడ నాటకాలకు సౌండ్ డిజైనర్. పంతొమ్మిదేళ్లుగా తెర వెనక వానలు కురిపిస్తోంది, రైళ్లు నడుపుతోంది, లేని కుక్కల చేత మొరిగిస్తోంది. ఆ మాట చెబితే మా తోడల్లుడు "అయితే మా పాప బర్త్‌డేకి రెండు స్పీకర్లు పంపమను" అన్నాడు.

ఆవిడ ఒక్కతే ఇంత చాకిరీ చేస్తుంటే ప్రేక్షకులు ఊరుకుంటారా? తలా ఒక చెయ్యి వేస్తారు. ప్రేమికులు విడిపోయే సీన్లో చిప్స్ ప్యాకెట్ పరపరలు! రాజుగారు ఉరిశిక్ష వేస్తుంటే టింగుమని మెసేజ్! మొన్న హంతకుడు కత్తి పట్టుకుని వస్తుంటే మూడో వరుసలో ఎవరి ఫోనో "ఎడమకు తిరగండి" అంది. పాపం, ఆ హంతకుడు తిరిగాడు కూడా! ఇన్ని ఎఫెక్టులు ఒక్క మనిషి తయారుచేయగలదా, మీరే చెప్పండి.

మా ఆవిడకు మాత్రం ఈ కృతజ్ఞత బొత్తిగా లేదు. పైగా, ఈమధ్య ఒక వింత కోరిక పుట్టింది. ఆవిడకు నిశ్శబ్దం కావాలట!

ఆవిడ కొత్తగా చేసిన నాటకం కథ చెబుతాను. గనిలోకి దిగిన భర్త కోసం భార్య వంటింట్లో ఎదురుచూడటం, చివర్లో ఎవరో వచ్చి "ఇక రాడమ్మా" అని చెప్పడం. ఇదీ నాటకం. గంటన్నర పాటు వంటింట్లో ఫ్రిజ్ సన్నగా గుర్రుమంటూ ఉంటుంది. కాసేపటికి మనం దాన్ని మరిచిపోతాం. ఆ కబురు చెవిన పడగానే అది టక్కున ఆగిపోతుంది. అంతే. ఆ తర్వాత ఇరవై సెకన్లు హాల్లో ఏ చప్పుడూ ఉండకూడదు. "అప్పుడే జనానికి తెలుస్తుందండీ, ఆ ఇల్లు ఎంత ఖాళీ అయిందో" అంది.

ఆ గుర్రు కోసం ఎన్ని ఫ్రిజ్‌లు విందో లెక్కలేదు. చివరికి మా పిన్ని ఇంట్లో పాత ఫ్రిజ్ పక్కన మూడు మధ్యాహ్నాలు మైకు పట్టుకుని కూర్చుంది. "ఏంటే అమ్మాయీ, దానికి జ్వరమొచ్చిందా?" అని పిన్ని కంగారుపడింది. ఇలా ఆరు నెలలు. దేనికి? ఏమీ వినిపించకుండా ఉండే ఇరవై సెకన్లకు!

మొదటి ప్రదర్శన. హాలు నిండిపోయింది. కబురు వచ్చింది. ఫ్రిజ్ ఆగింది. ఒకటి, రెండు, మూడు... ఒక ఫోన్ మోగింది. మామూలు మోత కాదు, పసిపాప కిలకిలా నవ్వు!

ఆ ఫోన్ నాదే. నవ్వు మా మేనకోడలి కూతురిది. అవతల మా బావ. "నాటకంలో ఉన్నా బావా, తర్వాత చేస్తా" అని గొంతు తగ్గించే చెప్పాను సుమండీ!

ఇంటికి వెళ్లాక ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. పళ్లెం ముందు పెట్టి వెళ్లిపోయింది.

మూడో రోజు పేపర్లో సమీక్ష వచ్చింది. "మృత్యువు గుమ్మంలో నిలబడిన క్షణాన పసిపాప నవ్వు! జీవితం ఆగదని ఇంత గొప్పగా చెప్పిన ధ్వనిని నేను వినలేదు" అని విమర్శకుడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఫ్రిజ్ ఊసే లేదు.

దర్శకుడు పరిగెత్తుకొచ్చాడు. "మేడం, రోజూ ఆ నవ్వు పడాల్సిందే!"

"అది మా ఆయన ఫోనండీ."

"ఎవరిదైతే ఏంటి మేడం, పేపర్లో పడింది కదా!"

నా ఫోన్ నా చేతే మోగించి ఆవిడ ఆ నవ్వు రికార్డు చేసుకుంది. తల వంచుకుని చేసింది. ఆ నవ్వుకే ఈ ఏడాది ఉత్తమ సౌండ్ డిజైనర్ అవార్డు! పంతొమ్మిదేళ్లలో మొదటిది. ఇప్పుడు చెప్పండి, ఫోన్ వరమా, కాదా?

అవార్డు సభలో "రెండు మాటలు మాట్లాడండి" అన్నారు. మా ఆవిడ మైకు ముందు నిలబడింది. మాట్లాడలేదు. జనం వైపు చూస్తూ ఊరికే నిలబడింది. ఏం చేస్తోందో ఆ హాల్లో నా ఒక్కడికే అర్థమైంది. ఫోన్ జేబులో ఆపేసే ఉంది. అయినా గట్టిగా పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"మైకు పనిచేయట్లేదు!" అని వెనక నుంచి ఒకాయన కేకేశాడు. "వైరు చూడండయ్యా!" అన్నాడు ఇంకొకాయన. యాంకరమ్మ మహా చురుకైన పిల్ల, వెంటనే మ్యూజిక్ వేయించేసింది. అందరూ హాయిగా చప్పట్లు కొట్టారు.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఎన్ని సెకన్లు వచ్చాయండీ?"

"ఆరు."

"ఆరా!" అంది, కళ్లు ఇంతింత చేసుకుని. ఆ ఆనందం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నుంచి ఏ హాల్లో అడుగుపెట్టినా నా ఫోన్ ఆపేస్తున్నాను. మీరు మాత్రం ఆపకండి. మా ఆవిడకు వచ్చే ఏడాది కూడా అవార్డు రావాలి కదా!