విల్లుకు దూది పరీక్ష

1997లో ఒక శనివారం పొద్దున నరసాపురంలో రాజరత్నం మేస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. గోడ మీది వేటవిల్లును దించి, దుమ్ము తుడిచి, పదకొండు గంటల బస్సుకి పోతురాజు వచ్చేలోగా మళ్ళీ తగిలించాలి. ఏజెన్సీ బడి నుంచి బదిలీ అయిన రోజున అక్కడి స్నేహితుడు పోతురాజు తన చేత్తో ఇచ్చిన విల్లు అది. ఆ వాగులో స్నానాలు, పోతురాజు ఇంట్లో తిన్న సామలన్నం, వాన కురిసే బడిచూరు, అన్నీ మేస్టారికి ఆ వెదురుబద్దలోనే ఉన్నాయి. పదకొండేళ్ళుగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మొన్ననే "విల్లు బాగుందా మేస్టారూ?" అని పోతురాజు కార్డు కూడా రాయించాడు.

విల్లును నేలమీద పెట్టి మేస్టారు గుడ్డ కోసం వెళ్ళారు. లేసు అల్లుకోవడానికి వెలుతురు చాల్లేదని ఆయన భార్య సంపూర్ణమ్మగారు మంచాన్ని కిటికీ వైపు లాగారు. టప్‌మంది. మంచంకోడు విల్లు మీదికెక్కింది.

"ఎంత పని చేశావే! పోతురాజుకి మొహం ఎలా చూపించను?"

"నేలమీద పెట్టిందెవరండి?"

పక్కింటి వడ్రంగి వీరబ్రహ్మం వచ్చి విల్లును అటూ ఇటూ తిప్పాడు. "కంటికి ఆనట్లేదండి. దూదితో రాయండి, పగులుంటే పీచు పట్టుకుంటుంది."

దీపారాధన లేని క్రైస్తవుల ఇల్లు కాబట్టి వత్తుల దూది దొరకలేదు. మేస్టారు తలగడ చింపారు. ఫ్యాను తిరుగుతోందని తరవాత గుర్తొచ్చింది. ఇల్లంతా బూరుగు దూది లేచింది. విల్లు మధ్యలో మాత్రం ఒక పీచు గట్టిగా పట్టుకుని ఊగింది.

"లోతైన పగులో కాదో బరువు పెడితే తెలుస్తుందండి. చేత్తో లాగొద్దు, విరిగితే కన్ను పోద్ది," అన్నాడు వీరబ్రహ్మం.

గేటు పక్క ఎత్తైన జామకొమ్మకి విల్లును కట్టి, అల్లెతాడుకి నీళ్ళ బకెట్టు తగిలించి, ముగ్గురూ తలుపు చాటున నక్కారు. విల్లు మూలిగింది. అప్పుడే గేటు తెరుచుకుంది.

"లాగకండి మేస్టారూ, లాగకండి!" అంటూ పోతురాజు పరుగున వచ్చి బకెట్టు అందుకోబోయాడు. అల్లెతాడు తెగింది. నీళ్ళన్నీ అతని నెత్తినే పడ్డాయి. ముగ్గురూ కంగారుగా తలుపు తీస్తే ఫ్యాను గాలికి ఇంట్లోని దూదంతా కొట్టుకొచ్చి ఆ తడికి అంటుకుంది.

మేస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోతురాజూ, నీ విల్లు పగలగొట్టేశాం."

పోతురాజు తల దించుకున్నాడు. "మీరు కాదండి. ఇచ్చినప్పుడే అది పగిలుందండి. మంచిది నాకు వేటకి కావాలి కదండీ, పంతులుగారు లాగుతారా ఏంటని ఇచ్చేశాను. ఆనక ఎప్పుడైనా లాగి కన్ను పోగొట్టుకుంటారేమోనని పదకొండేళ్ళూ బెంగేనండి. అదే చూసిపోదామని వచ్చాను."

మేస్టారు నవ్వలేక ఏడవలేక, దూదితో సహా అతన్ని వాటేసుకున్నారు.

సంపూర్ణమ్మగారు పోతురాజుకి మేస్టారి పంచె ఇచ్చి, తడిచొక్కాను ఆ విల్లు మీదే ఆరేశారు. ఆ బరువుకి ఏ ప్రమాదమూ లేదని వీరబ్రహ్మం హామీ ఇచ్చాడు.