జేబులో హాలు లైటు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, వీధి చివరింటి హెడ్ గుమాస్తాగారు పాత స్విచ్చిలన్నీ పీకించి, తీగల్లేని కొత్తరకం పెట్టించారు. ఆఫీసులో ఆయన మాటకు ఫ్యాను కూడా తిరగదు. కనీసం ఇంట్లోనైనా తన మాట చెల్లాలని ఆయన కోరిక. పాపం, అందులో తప్పేముంది?

బిగించడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ బిళ్లల్లాంటి తెల్ల బటన్లు చూపించి, "వీటికి గోడే అక్కర్లేదండీ. చేతిలో పట్టుకుని నొక్కినా పనిచేస్తాయి" అన్నాడు. అన్నవాడు అనేసి వెళ్లిపోయాడు. కాపురం చేయాల్సింది వీళ్లు కదా!

ఆ సాయంత్రమే గుమాస్తాగారు హాలు స్విచ్చి ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నారు. "ఇకనుంచి హాల్లో లైటు కావాలంటే నన్నడగాలి" అని ప్రకటించారు. ఇల్లాలు తక్కువ తిన్నదా? వంటింటి స్విచ్చిని బియ్యం డబ్బాలో దాచేసింది. ఆయన అత్తగారు స్నానాలగది స్విచ్చిని దిండు కింద పెట్టుకున్నారు. ఎవరికి అవసరం పడినా ముందు ఆవిడ మంచం దగ్గర నిలబడి విన్నవించుకోవాలి.

"ఇందాకే కదా అల్లుడుగారూ వెళ్లొచ్చారు! కాస్త ఓర్చుకోండి" అనేవారావిడ.

అల్లుడుగారు ఓర్చుకునేవారు. అధికార వికేంద్రీకరణ అంటే మాటలా?

ఈ ఘనత ఆ నోటా ఈ నోటా పాకి మేనేజరుగారి చెవిన పడింది. స్వయంగా వచ్చి చూస్తానన్నారు. గుమాస్తాగారి కాళ్లు నేలమీద ఆనలేదు. పై అధికారి ఎదుట ఒక్కసారి తన వేలికి లైటు లొంగితే చాలు, జన్మ ధన్యం. ఆ సంబరంలో ఒంటిమీది చొక్కా విప్పి పడేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. విప్పినదాన్ని ఇల్లాలు వాషింగ్ మెషిన్‌లో వేసింది. మొగుడి జేబులు వెతకడం ఆవిడ ఎప్పుడో మానేసింది, వాటిలో ఏనాడూ ఏమీ దొరకలేదు గనక.

మేనేజరుగారు సోఫాలో కూర్చోగానే హాలు లైటు ఆరింది. వెలిగింది. మళ్లీ ఆరింది. లోపల మెషిన్ గిరగిరా తిరుగుతోంది. నీళ్లలో పడినా చెక్కుచెదరదని కంపెనీవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. గుమాస్తాగారు కొత్త జేబు తడుముకున్నారు. ఖాళీ.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మేనేజరుగారు.

"తమరి రాకకు స్వాగతం సార్! లైటు దణ్ణాలు పెడుతోంది."

మేనేజరుగారు కరిగిపోయారు. మెషిన్ బట్టలు పిండే దశకొచ్చేసరికి దణ్ణాలు మరీ జోరందుకున్నాయి. ఆయన ఉండబట్టలేక లేచి నిలబడ్డారు. "మిత్రులారా! క్రమశిక్షణ అంటే ఇదీ! అధికారం ఒక్కచోట ఉంటే వెలుతురు దానంతటదే దారికొస్తుంది!" అన్నారు. మిత్రులారా అనడానికి అక్కడున్నది ముగ్గురే. అయినా ఆయనకు అలవాటు.

మెషిన్‌లో దొరికిన హాలు స్విచ్చిని ఇల్లాలు బియ్యం డబ్బాలోనే వేసుకుంది. ఇంట్లో ఆయన పెత్తనం అంతటితో సరి.

ఇక ఆఫీసులో వారం తిరక్కుండానే గోడలన్నీ బోసిపోయాయి. అక్కడా కొత్తరకం స్విచ్చిలొచ్చి, అన్నీ మేనేజరుగారి కోటు జేబులోకి చేరాయి. ప్రారంభోత్సవం నాడు ఆయన కిటికీల్లేని పెద్ద హాల్లో నిలబడి, "మీ వెలుగు నా బాధ్యత" అంటూ ఏకబిగిన మాట్లాడారు. లైటు వేయడం మాత్రం మరిచిపోయారు. వేయమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఉపన్యాసం ముగిసింది. అందరికంటే ముందు గుమాస్తాగారు చప్పట్లు కొట్టారు. ఆ కటిక చీకట్లో ఎవరు కొట్టారో, ఎవరు కొట్టలేదో కనిపెట్టే వీలే లేదు. అయినా కొట్టని చెయ్యి ఒక్కటీ లేదు.