ఒక్క రాత్రిలో ఎనిమిది కిలోలు

ఆ ఉదయం లెక్కల టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అరగంట నడిచి బడికి వెళ్ళడం, పదో తరగతికి పాఠం చెప్పడం, మళ్ళీ నడిచి ఇంటికి రావడం. ఆమెకు ఐదో నెల. ముందు నుంచీ ఒళ్ళున్న మనిషి కావడంతో డాక్టరమ్మ నిన్ననే కచ్చితంగా చెప్పింది. "చూడమ్మా, సన్నబడాలని కడుపు మాడ్చుకోకు. అలాగని ఇద్దరి తిండీ నువ్వే తినక్కర్లేదు. రోజూ నడువు. వారానికోసారి బరువు చూసుకో. బీపీ పెరిగిందా, ఉద్యోగం మానిపించి కాన్పు దాకా మంచం దిగనివ్వను."

ఆ చివరి మాటకే ఆమె గుండె జారింది. రెండు నెలల్లో పరీక్షలు. తను లేకపోతే పిల్లల్ని డ్రిల్లు మాస్టారికి అప్పగిస్తారు. ఆయనకు నాలుగు దాకా అంకెలు వచ్చు, అవి కూడా కవాతు చేయించడానికి. పైగా పురుడు పోయడానికని అమ్మా, అత్తగారూ ఇప్పటి నుంచే వచ్చి ఇంట్లో దిగారు. వాళ్ళిద్దరి మధ్య నాలుగు నెలలు పడుకోవడం కన్నా కాళ్ళరిగేలా నడవడమే నయమనుకుంది.

'వారానికోసారి' అన్న ముక్క భర్త లెక్కలోకి తీసుకోలేదు. బీమా ఆఫీసులో పనిచేసే అతనికి పట్టిక గీయనిదే ఏ పనీ జరిగినట్టుండదు. కొత్తగా కొన్న బరువు మిషను వంటింటి గుమ్మం పక్కన పెట్టి, పైన గోడకు పట్టిక అంటించాడు.

"ఎక్కు."

"నిన్ననే ఆస్పత్రిలో చూశారు కదండీ!"

"ఎక్కమంటుంటే!"

ఎక్కింది. ముల్లు ఆస్పత్రి తూకం కన్నా అరకిలో ఎక్కువ చూపించింది. అతను వెంటనే ఆమె చేతిలోని అరటిపండు లాక్కున్నాడు. "పండు తినొద్దని డాక్టరమ్మ అనలేదండీ" అని ఆమె మొత్తుకున్నా వినిపించుకోలేదు.

అది చూసి అత్తగారికి ప్రాణం ఉసూరుమంది. అందరూ వెళ్ళాక మిషను కింద చెయ్యి పెట్టి చూస్తే, ముల్లును సరిచేసే చిన్న చక్రం తగిలింది. తిప్పితే కిలోకి ఒకసారి టిక్కుమంటోంది. రెండు టిక్కులు వెనక్కి తిప్పి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి నడుం వాల్చింది. ఆవిడకు కునుకు పట్టగానే అమ్మ వచ్చింది. అదే జాలి, అదే చక్రం, మరో రెండు టిక్కులు. ముల్లు ఎక్కడుందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

మర్నాడు ఉదయం నాలుగు కిలోలు తగ్గింది.

"నాలుగు కిలోలే!" భర్త కేక పెట్టాడు. ఖాళీ మిషను మీద ముల్లు ఎక్కడుందో ముందు చూసుకోవాలని అతనికి బీమా ఆఫీసులో ఎవరూ నేర్పలేదు. కానీ అసలు బెంబేలెత్తింది అమ్మా, అత్తగారూ. తను తిప్పింది రెండే, తగ్గింది నాలుగు. అంటే పిల్ల నిజంగానే రెండు కిలోలు చిక్కిపోయిందని ఎవరికి వారు లోలోపల వణికిపోయారు. పైకి చెప్పలేరు. ఒకరు గుడ్లు ఉడికించారు, ఒకరు పాలు కాచారు.

"ఇంకొక్క గుడ్డు తినవే!"

"అమ్మా, నాకు బడికి టైమైపోతోంది!"

"అమ్మాయ్, ఈ గ్లాసు పాలు తాగి వెళ్ళు."

"అత్తయ్యా, ఇది గ్లాసు కాదు, చెంబు!"

సాయంత్రం ఇంటికొచ్చిన టీచరు కన్ను ఖాళీ మిషను మీద పడింది. ముల్లు సున్నాకు నాలుగు గీతలు వెనక ఉంది. ఎవరు తిప్పారని అడిగితే విచారణ ఎప్పటికి తెములుతుందోనని భయపడి, నోరు మూసుకుని ముల్లును సున్నాకు తెచ్చి పెట్టింది. ఆమె స్నానానికి వెళ్ళగానే అత్తగారు, పాపభీతితో, తన రెండు టిక్కులూ ముందుకు తిప్పేసింది. ఆవిడ అటు తిరగ్గానే అమ్మ తన రెండూ తిప్పేసింది. ముగ్గురూ నిజాయితీగానే దిద్దారు.

మూడో రోజు పట్టికలో గీత గోడ దాటి పైకప్పుకు పోయేలా ఉంది.

"ఒక్క రాత్రిలో ఎనిమిది కిలోలు! ఒంట్లో నీరు చేరింది! బీపీ!"

"ఉండండి, ఆ మిషను ఎవరో..."

ఆ మాట పూర్తికాక ముందే అతను హెడ్మాస్టరుకి ఫోన్ చేసేశాడు. "కాన్పయ్యేదాకా మా ఆవిడ రాదండీ."

"నన్నడక్కుండా నా ఉద్యోగం మానిపించడానికి మీరెవరండీ?" ఆమెకు కోపం ముంచుకొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అది బీపీ లక్షణమేనని ముగ్గురూ కలిసి తీర్మానించి ఆటో ఎక్కించారు.

డాక్టరమ్మ బీపీ చూసింది, బరువు చూసింది, తర్వాత ఆ నలుగురి మొహాలూ చూసింది. "నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు. బరువు మొన్నటిలాగే ఉంది. దేనికొచ్చారు?"

భర్త పట్టిక చూపించాడు. అది చూసి అత్తగారు దగ్గింది. "ఒరేయ్, మొదట్లో నేనో రెండు తగ్గించాన్రా. నిన్న మళ్ళీ పెంచేశానులే."

"అయ్యో వదినగారూ, మీరూనా?" అంది అమ్మ.

"మధ్యలో సరిచేసింది నేను" అంది టీచరు పళ్ళు కొరుకుతూ.

భర్త ఒకసారి తన తల్లిని, ఒకసారి భార్య తల్లిని, ఒకసారి భార్యను చూశాడు. మొహం కందగడ్డయింది. డాక్టరమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టింది.

"నూట డెబ్బై, నూట పది! బాబూ, మందు రాస్తాను, వారం రోజులు ఇల్లు కదలొద్దు. ఆవిడ బరువు ఇక్కడే, వారానికోసారి, నేనే చూస్తాను. ఆవిడని మాత్రం బడికి పోనివ్వండి. ఇంట్లో ఇతన్ని చూసుకోవడానికి ఎవరున్నారు?"

"మేమిద్దరం ఉన్నాం!" అన్నారు అమ్మా, అత్తగారూ ఒకేసారి.

"రెండో పీరియడ్‌కల్లా వచ్చేస్తానండీ" అని హెడ్మాస్టరుకి ఫోన్ చేసి, టీచరు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆటోలో అతన్ని మధ్యలో కూర్చోబెట్టారు.

మూడో రోజుకల్లా అతనికి ఆఫీసు మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.