అల్లుడు పెట్టిన గాటు

ఆ రోజుకు అల్లుడు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే స్టూడియోకి వెళ్ళడం, హీరోగారి చెంప మీద నాలుగు వేళ్ళ పొడవున ఒక కత్తిగాటు పెట్టడం, ఆ తర్వాత సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుని చెమట అద్దడం. ఈ మాత్రానికి ప్లాను కూడానా అంటారేమో. పద్దెనిమిదేళ్ళు పౌడరు డబ్బా పట్టుకుని ఇంకొకరి వెనకాల నిలబడ్డవాడికి మొదటిసారి బ్రష్షు చేతికొస్తే ఎలా ఉంటుందో వాడికే తెలుస్తుంది.

ఆ ఇంకొకరు అతని మామగారే. సినిమాల్లో పేరున్న మేకప్‌మ్యాన్. అందుకే స్టూడియోలో లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా ఇతన్ని "అల్లుడూ" అనే పిలుస్తారు. ఈ మధ్య మామగారు ఒక జానపద వీరుడి సినిమాకి పనిచేస్తున్నారు. నిండా కత్తులూ, కోటలూ, గుర్రాలూ. సరిగ్గా ఆఖరి రోజు షూటింగుకి ఆయన నడుం పట్టేసింది.

"నీ చెయ్యి మంచిదేనయ్యా, ధ్యాసే ఎక్కడో ఉంటుంది" అన్నారు మామగారు మంచం మీంచే. "ఇవాళ మాట రాకుండా గట్టెక్కావా, నా పెట్టె నీది. తేడా వచ్చిందా, జన్మంతా నువ్వు అల్లుడివే."

పెట్టె అంటే మూత లోపల అద్దం బిగించిన పాత చెక్కపెట్టె. మామగారి చేతి పని అంతా అందులోంచే వచ్చేది. "కన్నకూతుర్ని, నన్నే ముట్టుకోనివ్వలేదు ఏనాడూ. జాగ్రత్త" అంది భార్య, దాన్ని గుమ్మం దాకా సాగనంపుతూ. మొగుణ్ణి సాగనంపడం మర్చిపోయింది.

హీరోగారికి మేకప్ కుర్చీలో కూర్చోగానే నిద్రపోవడం అలవాటు. అల్లుడికి మనిషి వెనకాల నిలబడ్డం అలవాటు. మామగారైతే ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ పనిచేసేవారు. ఇతను మాత్రం ఎప్పట్లాగే కుర్చీ వెనక చేరి, కిందటి సీనుకి మామగారు పెట్టిన గాటు ఫోటోని పెట్టె మూతలోని అద్దం అంచున గుచ్చి, అద్దంలో చూస్తూ మొదలుపెట్టాడు. ఫోటోలో గాటు కుడివైపు కనబడుతోంది. అద్దంలోనూ కుడివైపే కనబడేలా దించాడు. ఎదుటి మనిషి ఎడమ చెంప ఫోటోలో మనకి కుడివైపు పడుతుందనీ, అద్దంలో అలా కుదరదనీ అతనికి తెలియక కాదు. బ్రష్షు చేతికొచ్చిన సంబరంలో గుర్తు రాలేదు, అంతే.

మొదటి షాట్ రాజమాతది. కిందటి సీనులో సేనాపతి కత్తి దూసి కొడుకు చెంప చీరాడు. ఇప్పుడు ఆవిడ ఆ గాటు నిమిరి కన్నీళ్ళు పెట్టుకోవాలి. ఆ వేషం కట్టిన పెద్దావిడ రిహార్సల్లో చెయ్యెత్తి నున్నటి చెంప నిమిరి ఆగిపోయింది.

"గాటు ఏది నాయనా?"

"ఇటుందమ్మా" అన్నాడు హీరో, రెండో చెంప చూపిస్తూ.

అందరూ అల్లుడి వంక తిరిగారు. ఉన్న గాటు తీసెయ్యడానికి గంట, కొత్తది పెట్టి ఆరబెట్టడానికి రెండు గంటలు. రేప్పొద్దున కోట సెట్టు పీకేస్తున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అతనికి అదే జారింది.

"సేనాపతిది ఎడంచేతి వాటం కదండీ. ఎడంచేత్తో కొడితే గాటు కుడి చెంప మీదే పడుతుంది. మీరే చెప్పారు."

డైరెక్టరుగారు పుట్టి బుద్ధెరిగాక "మర్చిపోయాను" అన్న మాట అన్నవారు కారు. "చెప్పాను" అన్నారు గంభీరంగా. "ఒక్కడికైనా గుర్తుంది." ఏ షాట్‌లో ఏముందో రాసిపెట్టుకునే అమ్మాయి పుస్తకం తెరవబోయింది. "అది మూసెయ్యమ్మా" అన్నారాయన.

పాపం సేనాపతి. ముప్ఫయ్యేళ్ళుగా కుడిచేత్తో జనాన్ని చంపుకొస్తున్నవాడు. "ఎడంచేత్తో నేను తలుపు గడియ కూడా తియ్యలేనండీ" అంటూనే కత్తి విసిరాడు. అది వెళ్ళి కోటగోడలో దిగబడింది. రాతిగోడలోంచి తెల్లటి అట్టముక్కలు రాలాయి.

"ఆయన చెయ్యి మారితే హీరో చెయ్యీ మారాలి, లేకపోతే దెబ్బ కెమెరాకి కనబడదు" అన్నాడు ఫైట్‌మాస్టరు. హీరో చెయ్యి మారేసరికి ఒర కుడి నడుముకి వచ్చింది. వీరుడు ఎడంచేత్తో పోరాడుతుంటే భటులు కుడిచేత్తో పోరాడటం డైరెక్టరుకి నచ్చలేదు. "రాజ్యం మొత్తం ఎడంచేతి వాటమే" అని ప్రకటించారు. నలభైమంది భటులు డాళ్ళు చేతులు మార్చుకుని ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నారు. రాజమాత కూడా ఎడంచేత్తోనే నిమిరి ఎడంచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

ఒర కుడిపక్కన వేలాడితే గుర్రాన్ని కుడిపక్క నుంచే ఎక్కాలట. పదేళ్ళుగా ఎడమపక్క నుంచి ఎక్కించుకున్న ఆ గుర్రం ఒకసారి మెడ తిప్పి చూసి, క్యాంటీను వైపు నడక సాగించింది. రికాబులో ఒక కాలు ఇరుక్కున్న హీరో రెండో కాలి మీద గెంతుకుంటూ దాని వెంట వెళ్ళాడు. దాన్ని ఒప్పించేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇక నిజం చెప్పేద్దామనుకున్నాడు అల్లుడు. "సార్, ఒక్క మాట" అంటూ డైరెక్టరు దగ్గరికెళ్ళాడు.

"నీ ఒక్క మాటతో సినిమా రంగే మారిపోయిందయ్యా. ఇంకొకటి రేపు చెప్పు" అని భుజం తట్టారు డైరెక్టరు.

అంతలో మామగారి ఫోను. "ఎలా ఉంది పని?"

"అందరూ నా పనికి తగ్గట్టే చేస్తున్నారు మామగారూ."

"అలా ఎవరూ చెయ్యరే" అని ఫోను పెట్టేసి, ఆయన నడుముకి తువ్వాలు బిగించి బయల్దేరారు.

సాయంత్రం ఆఖరి షాట్ అయ్యాక ఎడిటరమ్మ కిందటి సీను తెచ్చి తెర మీద వేసింది. సేనాపతి కుడిచేత్తో, మహా దర్జాగా, హీరో ఎడమ చెంప చీరాడు. సరిగ్గా అప్పుడే మామగారు సగానికి వంగి లోపలికొచ్చారు.

అల్లుడు పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "తప్పు నాదే. అద్దంలో చూసి పెట్టాను. ఎడంచేతి వాటం అన్నది భయపడి అల్లిన అబద్ధం. సార్ ఏనాడూ అలా చెప్పలేదు." డైరెక్టరుగారు సీలింగు ఫ్యాను పరీక్షిస్తున్నారు.

ఎడిటరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఇవాళ ఒక్కరు కూడా కుడిచేత్తో చెయ్యలేదా?"

"గుర్రంతో సహా" అన్నాడు ఫైట్‌మాస్టరు.

ఆవిడ ఇవాళ తీసింది తెర మీద వేసి ఒక మీట నొక్కింది. బొమ్మ అటుది ఇటు తిరిగింది. గాటు ఎడమ చెంప మీదికి వచ్చింది. కత్తులు కుడిచేతుల్లోకీ, ఒర ఎడమ నడుముకీ వచ్చాయి. హీరో ఎడమపక్క నుంచి గుర్రమెక్కాడు. "ఒక్కడు మాట వినకపోయినా రోజంతా చెత్తబుట్టలోకే పోయేది" అందావిడ.

"అందుకేగా అందరి చేతా చేయించాను" అన్నారు డైరెక్టరు.

మామగారు ఇవేవీ పట్టించుకోలేదు. హీరో గడ్డం పట్టుకుని, గాటు అంచు వేలితో తడిమి చూశారు. "బాగా కలిపావు" అన్నారు. పద్దెనిమిదేళ్ళలో అదే మొదటి మెప్పు. అల్లుడికి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇన్నాళ్ళూ నిన్ను వెనకాల నిలబెట్టిన తప్పు నాది. పెట్టె రేపు పట్టుకెళ్ళు" అంటూ, సెట్టు పీకడానికి వచ్చిన వడ్రంగి దగ్గర ఒక స్క్రూడ్రైవరు అడిగి తీసుకున్నారు.

మర్నాడు భార్య పెట్టెకి దణ్ణం పెట్టుకుని మూత తెరిచింది. అద్దం ఉండాల్సిన చోట నాలుగు కన్నాలు మాత్రం ఉన్నాయి.