మా వంతెన మీద లారీ ఇరుక్కుంటే మీకేంటండీ బాధ?

లారీల్లో దారి చెప్పే మెషీన్ ఉంటుంది చూడండి, అందులో మాట్లాడే ఆవిడని ఎవరన్నా తిడితే నాకు ఒళ్లు మండిపోద్ది. మా ఊరికి ఆవిడ దేవతండీ!

వేల్స్ కొండల్లో చిన్న ఊరు మా కూమ్ హెలిగ్. చర్చికి తాళం. పబ్బు శనివారం మాత్రమే. ఎర్ర ఫోన్ డబ్బా ఉంది, లోపల ఫోన్ లేదు, పావురం ఉంది. మరి కొత్త మొహం కనపడేదెలా?

ఆవిడే పంపిస్తోంది! "ఎడమకి తిరగండి" అంటుంది. లారీ తిరుగుద్ది. మా రాతి వంతెన మీద సీసాకి బిరడా పెట్టినట్టు ఇరుక్కుంటుంది.

అబ్బ, ఆ సందడి! గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు భుజం భుజం కలిపి లారీని తోశారు. ఏ కోర్టన్నా కలిపిందా వాళ్లని? లారీ తగిలి వంతెన గోడ రాళ్లు పడ్డప్పుడల్లా మేమే పేర్చుకుంటాం, అందుకని మా ఊళ్లో రిటైరైన పాస్టరు గారితో సహా అందరూ తాపీమేస్త్రీలే! గొర్రెలక్కూడా కాలక్షేపం.

మాకో పద్ధతుంది. ఇరుక్కున్నోడికి ముందు టీ, పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్లలు. తర్వాతే నేను వెనకాల నిలబడి "రానీ, రానీ, ఆపు!" అంటా. ఈలోపు నెస్టా పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని వచ్చేస్తుంది.

"ఎటు పోతున్నావ్ బాబూ?"

"ఎటు పోతానమ్మా, కనపడట్లేదా!"

"వెనక్కి టౌన్‌కేగా పోవాలి. నన్నూ దింపెయ్. మా ఆయన ఎమ్రిస్ అక్కడ నర్సింగ్ హోంలో ఉన్నాడు. నేను కనపడకపోతే అన్నం ముట్టడు."

ఎక్కి కూర్చుంటుంది. ఏ డ్రైవరూ ఇంతవరకూ కాదనలేదు. బిళ్లలు తిన్న నోరు కదా!

అలాంటిది, ఇప్పుడు కౌన్సిల్ వాళ్లు 'పెద్ద బండ్లకు ప్రవేశం లేదు' అని బోర్డు పాతుతారంట! మా కష్టం చూడలేకనంట! మొన్న ఆఫీసరు గారు వంతెన దగ్గరికి వచ్చి, గుంట ఎక్కడ తవ్వాలో సుద్దతో గీత గీశారు. పెద్దమ్మ బ్యాగ్‌తో సహా అక్కడే ఉంది.

"బోర్డు పెడితే మా ఆయన దగ్గరికి నేనెట్టా పోవాలి నాయనా?"

"బస్సులో వెళ్లండి మేడమ్."

"తీసేశారుగా, మీరే."

ఆయన పాపం మంచోడు. ఓపిగ్గా చెప్పాడు. "రోడ్డు ఇరుకు మేడమ్. బస్సంత బండి ఇందులో పట్టదు."

అప్పుడే మలుపులో పెద్ద హారన్. పరుపుల లోడు, బస్సుకి రెండింతలుంది.

పెద్దమ్మ స్కార్ఫ్ సర్దుకుంది. "కాస్త పక్కకి జరుగు నాయనా. పట్టనిది వస్తోంది, నేనెక్కాలి."