మన మధ్యే ఉన్నాడు

గద్వాల బడిలో ఫిజిక్స్ చెప్పే చరణ్ ఆ ఆదివారానికి వేసుకున్న పథకంలో ఎవరికీ హాని లేదు. భార్య సుప్రియతో కారులో బయల్దేరి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లాలి. దారిలో కటింగ్ షాపుల్లో, ట్యూషన్ బోర్డుల మీద, టీషర్టుల మీద ఐన్‌స్టీన్ ఎలా బతుకుతున్నాడో వీడియో తీసి పిల్లలకు చూపించాలి. సాయంత్రం నాగర్‌కర్నూల్‌లో తండ్రి ఇస్రాయేలు దగ్గర ఆగాలి.

ఇస్రాయేలు గుండె ఇక ఎక్కువ రోజులు ఆడదని దవాఖానలో చెప్పేశారు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, తమ్ముడు యేసయ్య వచ్చి ఒక మాట మాట్లాడాలి. తల్లి సమాధి రాయి మీద ఎవరి పేరు ముందు చెక్కించాలన్న గొడవతో అన్నదమ్ములకు ఏళ్లుగా మాటల్లేవు. వనపర్తిలో ఉండే ఆ చిన్నాయనను చరణ్ ఎన్నిసార్లు బతిమాలినా కదల్లేదు.

కారు వెనక కట్టడానికి చరణ్ ఒక ఫ్లెక్సు చెప్పాడు. ఐన్‌స్టీన్ ఫొటో పంపి, పైన "మన మధ్యే ఉన్నాడు" అని, కింద తన పేరు వేయమన్నాడు. ఆ ముఖానికి పేరెందుకని రాయించలేదు. ఫ్లెక్సు షాపు శాంతయ్య ఆ చెదిరిన తెల్లజుట్టు, గుబురు మీసం, దిగులు కళ్లు చూశాడు. బతికున్నవాళ్ల గురించి ఎవరూ ఇలా రాయరు కదా! దుఃఖంలో సారుకు మాట తడబడిందని జాలిపడి, "మన మధ్య లేరు. కన్నీటి నివాళి. ఇట్లు చరణ్, కుటుంబసభ్యులు" అని దిద్ది, తెల్లారకముందే తనే వచ్చి కారుకు కట్టిపోయాడు. ఆలస్యమైందన్న హడావుడిలో మొగుడూ పెళ్లాలు వెనక్కి చూడకుండా ఎక్కారు.

వనపర్తి కటింగ్ షాపు గోడ మీద ఐన్‌స్టీన్ దొరికాడు.

"ఈయనెవరో ఎరికేనా అన్నా?" సుప్రియ ఫోన్ పట్టుకుని అడిగింది.

"తెల్వదమ్మా. కటింగ్ చేయించుకోకపోతే గిట్లయితరని పెట్టిన," అన్నాడు షాపాయన.

బయటికొచ్చేసరికి యేసయ్య పక్కింటి దశరథం కారు వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇస్రాయేలుదీ అచ్చం అదే జుట్టు, అదే మీసం.

"పెద్దాయన పోయిండా సారూ?"

చరణ్ కారు ముందు తలుపు దగ్గర నుంచే చూసి మురిసిపోయాడు. ఈ రోజుల్లో శాస్త్రవేత్త కోసం ఏడ్చేవాడు ఎక్కడ దొరుకుతాడు!

"పోతే ఏందన్నా? మన గుండెలల్ల ఉన్నడు గదా."

"నీ ధైర్యం మెచ్చుకోవాలె సారూ. ఇప్పుడు ఎటు?"

"నాగర్‌కర్నూల్. పొద్దుగూకేటాలకు అంతా అయిపోతది."

దశరథం యేసయ్య ఇంటికి పరుగెత్తాడు.

ట్యూషన్ బోర్డులన్నీ వీడియో తీసుకుంటూ చరణ్ తండ్రి ఇల్లు చేరేసరికి ఎండ తగ్గింది. గడపలో కూర్చుని జావ తాగుతున్న ఇస్రాయేలు కారు వెనక చూసి గ్లాసు దించాడు.

"నేనెప్పుడు పోయిన్రా?"

చరణ్ అప్పుడు చదివాడు. తాడు ముడి ఊడదీసేలోపే నిండా చుట్టాలతో ఆటో ఆగింది. పూలదండ పట్టుకుని యేసయ్య గుండెలు బాదుకుంటూ దిగాడు.

"అన్నా! నీ పేరే ముందు పెట్టుకోరాదే! పాడు రాయి కోసం నిన్ను పోగొట్టుకుంటినే!"

తల ఎత్తితే అన్న ఎదురుగా కూర్చుని ఉన్నాడు, మూతికి జావ అంటుకుని.

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాటలు ఇస్రాయేలు చెవిన పడ్డాయి. సంతోషం పట్టలేక పగలబడి నవ్వాడు. "చూస్తివా తమ్మీ, సచ్చిన అంటెనే వస్తివి!"

ఆ ముక్కే కొంప ముంచింది. యేసయ్య ఫ్లెక్సు చూశాడు, చరణ్‌ను చూశాడు, నవ్వుతున్న అన్నను చూశాడు.

"నన్ను రప్పియ్యనీకె నాటకమాడిన్రా? నలుగుర్ల నన్ను ఏడ్పించి నవ్వుతరా?"

"కాదు చిన్నాయినా, ఆయన ఐన్‌స్టీన్..."

"ఏ స్టీనైతే నాకేంది!"

దండ అక్కడే పడేసి ఆటో ఎక్కాడు. అది మలుపు తిరిగేదాకా ఇస్రాయేలు "తమ్మీ, తమ్మీ" అని పిలుస్తూనే ఉన్నాడు. ఎంత పాపం చేశాడని ఆ ముసలాయనకు ఆ శిక్ష?

నెల తిరక్కముందే ఆయన నిజంగా పోయాడు. చరణ్ ఏడుస్తూ చిన్నాయనకు ఫోన్ చేశాడు.

"నా ఏడ్పు నేనప్పుడే ఏడ్సిపోయిన," అని యేసయ్య పెట్టేశాడు.