దర్జీగారి ఆర్కిడ్

ఆ ఆదివారం పొద్దున దర్జీగారు అనుకున్న పనులు మూడే. ఇల్లు ఊడవడం, గడ్డం గీసుకోవడం, వెనక గది కిటికీలో ఉన్న ఆర్కిడ్ మొక్కను కాస్త ముస్తాబు చేయడం. సాయంత్రం నాలుగింటికి కూతురు వస్తోంది. మొదటి రెండు పనులూ ఎనిమిదిన్నరకల్లా ముగిశాయి. అక్కడితో ఆపి, ముసుగుతన్ని పడుకుని ఉంటే ఎంతో బాగుండేది. కానీ చేతులు ఊరుకోని మనిషాయన.

భార్య పోయి మూడు నెలలు. ఎలా ఉన్నాడోనని కూతురు రోజూ ఫోన్ చేసేది, ఆయన రోజూ "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను" అనేవాడు. మొన్న బుధవారం ఆమె ఇక ఆ మాట నమ్మనంది. "వచ్చి అమ్మ మొక్కను చూస్తాను నాన్నా. అదెలా ఉందో చూస్తే నువ్వెలా ఉన్నావో నాకే తెలుస్తుంది" అంది. ఆయనకు అర్థమైంది ఒక్కటే. మొక్క వాడిందా, ముందు గదిలోని కొట్టుకు తాళం పడుతుంది, తను కూతురింటికి మకాం మార్చాలి. ఆ కొట్టులో, ఆయన మిషను పక్కనే స్టూలు వేసుకుని ముప్పై రెండేళ్లు భార్య కాజాలు కుట్టింది. ఆ స్టూలును వదిలి ఎక్కడికి పోతాడు?

మొక్క పూర్తిగా ఆమె వ్యవహారం. ఆయన ఏనాడూ దాని వంక చూసిన పాపాన పోలేదు. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం ఆమె, "వారానికోసారి గ్లాసుడు నీళ్లు పొయ్యి. ఇంకా ఏం చేయాలంటే..." అని మొదలుపెట్టింది. ఆయన, "ఇంటికొచ్చాక నువ్వే చేసుకుందువుగానిలే" అని మాట తప్పించాడు. వింటే ఆమె ఇక ఇంటికి రాదని ఒప్పుకున్నట్టవుతుందని భయం. విన్నంతవరకు మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. వారానికో గ్లాసు నీళ్లు, అంతే. ఇంకేమీ చేతకాదు గనుక మొక్క హాయిగా బతికింది. వంగపువ్వు రంగులో ఐదు పూలు కాడ మీద వరసగా నిలబడి ఉన్నాయి.

ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసేసరికి, కుండీ అంచుల మీదుగా బూడిదరంగు పోగులు అడ్డదిడ్డంగా వేలాడుతూ కనిపించాయి. దారాలు వేలాడే బట్టను మనిషి చేతికివ్వడం ఆయన వృత్తిలో మహాపాపం. చిన్న కత్తెర తెచ్చి, ఒక్కో పోగునూ అంచుకు సరిసమానంగా కత్తిరించాడు. రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుంటే ముచ్చటేసింది. ఆమె ఉంటే మెచ్చుకునేదనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి డ్రిల్లు మాస్టారు, నడుం వదులు చేయమని ఇచ్చిన ప్యాంటు కోసం వచ్చాడు. రిటైరై పదేళ్లయినా ఆయనకు లోకాన్నంతటినీ వరసలో నిలబెట్టే అలవాటు పోలేదు. నేల మీది ముక్కలు ఏరి, వెలుతురులో తిప్పి చూసి, ఇవి వేళ్లని, ఈ జాతి మొక్క గాలి పీల్చేది వీటితోనేనని, ఎక్కడో చదివానని ప్రకటించాడు. దర్జీగారికి ఆఖరి వారం భార్య పడ్డ ఆయాసం కళ్ల ముందు మెదిలింది.

"ఊపిరి కత్తిరించేశానా మాస్టారూ?" అన్నాడు.

కంగారేం లేదు, నేనున్నానుగా అన్నాడు మాస్టారు. అసలు కష్టాలు అక్కడ మొదలయ్యాయి. మాస్టారు కుండీలో వేలు పెట్టి కెలికితే బెరడు ముక్కలు, బొగ్గు పెళ్లలు తప్ప చారెడు మట్టి తగల్లేదు. ఇద్దరూ నోళ్లు వెళ్లబెట్టారు. జబ్బు మనిషి, మట్టి వేయడానికి కూడా ఓపిక లేకపోయిందన్నమాట, పక్కనే ఉండి ఆ సంగతైనా కనిపెట్టలేకపోయానే అని దర్జీగారు కుమిలిపోయాడు. మాస్టారి పెరట్లోంచి బకెట్టెడు మట్టి తెచ్చి, కుండీ నిండా కూరి, బొటనవేళ్లతో గట్టిగా అదిమారు. నీరసంగా ఉన్న మొక్క కదా అని పైదాకా నీళ్లు పోశారు. అదంతా బురదైంది. బురద ఆరాలి కదా అని మేడ మీద ఎండలో పెట్టారు. గంట తర్వాత చూస్తే ఆకులు వేలాడేశాయి. పూలు తలలు దించేశాయి.

దర్జీగారు కుండీని కిందికి దించాడు. భార్య సొరుగంతా వెతికి, మొక్క కొన్న కొట్టు నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పేసరికి కొట్టు ఆవిడ అదిరిపడింది.

"ఆర్కిడ్‌కి మట్టి పోశారా? ముందు అదంతా తీసేసి వేళ్లు కడగండి" అంది. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతోంది. ఆయన ఫోన్ పెట్టేసి కుండీతో కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. మాస్టారు ఉత్సాహం కొద్దీ కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్ల ధాటికి మొదటి పువ్వు రాలి తొట్టిలో పడింది. దాన్ని అందుకోబోయి మోచేత్తో రెండో దాన్ని రాల్చాడు దర్జీగారు. కుళాయి కట్టేయబోయి మాస్టారు మూడో దాన్ని రాల్చాడు. మిగతా రెండూ ఎవరి సాయమూ లేకుండానే రాలాయి. అప్పటికి టైము రెండున్నర.

దర్జీగారు తొట్టి పక్కన చతికిలబడ్డాడు. ఆమె పోయిన రోజు కూడా ఆయన అలా కూలబడలేదు. ఆ రోజు చుట్టూ మనుషులున్నారు, సంతకాలున్నాయి, పనులున్నాయి. మాస్టారు తన ప్యాంటును చేతిలోకి తీసుకుని, మడిచి మళ్లీ విప్పాడు. కాసేపటికి దర్జీగారే లేచాడు. పూలను ఒక్కొక్కటిగా రుమాలుతో అద్ది, మిషను బల్ల మీద పరిచి, పెట్టెలోంచి అన్నిటికంటే సన్నని సూది తీశాడు.

గంట పట్టింది. మాస్టారు ఊపిరి బిగబట్టి కాడను పట్టుకున్నాడు. పూవుకు మూడేసి కుట్లు, పైకి కనిపించకుండా. ఏ పూవు ఎక్కడుండేదో ఆ వరసలోనే. జీవితంలో ఎందరి పెళ్లిబట్టలో కుట్టాడు గాని, అంత పనితనం ఎప్పుడూ చూపలేదు. మొక్కను మళ్లీ బెరడు ముక్కల్లో నిలబెట్టి, వాలిన ఆకులు కనబడకుండా కిటికీ వైపు తిప్పి పెట్టేసరికి వీధిలో ఆటో ఆగింది.

కూతురి చేతిలో పెద్ద సూట్‌కేసు ఉంది. నా బట్టలు సర్దడానికే తెచ్చిందనుకున్నాడు ఆయన. ఆమె పలకరింపులు కూడా లేకుండా నేరుగా వెనక గదికి నడిచి, గుమ్మంలోనే ఆగి, ఐదు పూలనూ చూసి మంచం మీద కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"ఎంత భయపడ్డానో తెలుసా నాన్నా. ఇంత చక్కగా చూసుకుంటున్నావంటే నువ్వు నిజంగానే బాగున్నావు" అంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆఫీసులో రెండు నెలలు సెలవు పెట్టి వచ్చిందట. ఆయన్ని తీసుకెళ్లడానికి కాదు, ఇక్కడే ఆయనతో ఉండటానికి. సూట్‌కేసు నిండా ఆమె బట్టలే. ఇక ఆ అవసరం లేదు కాబట్టి సెలవు రద్దు చేసుకుంటుందట, ఆరింటి బస్సుకు వెళ్లిపోతే రేపు పొద్దున్నే డ్యూటీలో చేరొచ్చట. ఇదంతా ఎంతో తేలికపడ్డ మనసుతో చెప్పింది.

దర్జీగారు గెలిచాడు. కొట్టుకు తాళం లేదు, మకాం మార్పు లేదు. గుమ్మం చాటు నుంచి మాస్టారు బొటనవేలు ఎత్తి చూపించాడు. దర్జీగారు మాత్రం సూట్‌కేసునే చూస్తూ నిలబడ్డాడు. రెండు నెలలు. పొద్దున లేస్తే వంటగదిలో మనిషి అలికిడి, ఎదురుగా ఇంకో కంచం. అదంతా ఇంట్లోకి వచ్చి కూడా, ఐదు పూలను చూసి వెనక్కి పోతోంది.

"తల్లీ, ఆ పూలు కుట్టినవి" అన్నాడు.

మాస్టారు నుదురు కొట్టుకుని ముందు గదిలోకి తప్పుకున్నాడు. కూతురికి ముందు అర్థం కాలేదు. దగ్గరకు వెళ్లి, వంగి, చాలాసేపు చూసింది. ఎంతైనా దర్జీ కూతురు.

"ఏ దారం?" అంది.

"పట్టు దారం. ఒంటి పోగు."

నవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో ఎప్పుడో అది ఏడుపైపోయింది. ఆయన పక్కన కూర్చుని, మూడు నెలలుగా ఫోన్లో చెప్పని మాట చెప్పాడు.

"నేనేం బాగా లేనమ్మా. ఒక్క రోజు కూడా బాగా లేను. మీ అమ్మ ఏదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. ఇప్పుడు నాకేదీ చేతకావడం లేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. మొక్క బతుకుతుందో లేదో తనకూ తెలియదంది. చూద్దాం, ఇద్దరం ఉన్నాంగా అంది. లేచి సూట్‌కేసును మంచం కిందకు తోసింది.

ఆరింటి బస్సు ఒక సీటు ఖాళీగా, సరిగ్గా టైముకే వెళ్లిపోయింది.